వెట్టి గాయం మానాలంటే ముందు కాగితం కావాలి

1946–51 సాయుధ పోరాటం నల్గొండలో దొరల వెట్టిని కూలదోసింది. పాలమూరు వలస కూలీ మెడకు మాత్రం, కూలీలను పనికి తీసుకుపోయే మేస్త్రీ ఇచ్చే అడ్వాన్సు ఉచ్చు మిగిలింది. 1976 వెట్టిచాకిరీ రద్దు చట్టం ప్రకారం, మనిషిని ఇలా పనికి కట్టిపడేసే వెట్టి అప్పు చెల్లదు, తీర్చనక్కర్లేదు. అది వెట్టి అప్పు కాదని నిరూపించాల్సింది అప్పిచ్చినవాడే.

కూలీని విడిపించిన వెంటనే, వెట్టి నుంచి విముక్తుడని అధికారులు ఇచ్చే విడుదల పత్రం పట్టాలి. వాంగ్మూలంలో అడ్వాన్సు ఎంత, చేతికొచ్చిన కూలి ఎంత, ఊరికి పోనిచ్చారా లేదా, బెదిరించారా, అన్నీ రాయించాలి. ఒట్టి ‘కూలి బాకీ’ అని రాస్తే అది మామూలు జీతం తగాదా అయిపోతుంది. ఎక్కువగా చెడేది ఇక్కడే.

సర్కారు ఇచ్చే తక్షణ సాయం 30,000 రూపాయల వరకు ఉంటుంది, శిక్ష పడేదాకా ఆగక్కర్లేదు. పునరావాస సాయం, అంటే మగవారికి లక్ష, ఆడవారికీ పిల్లలకూ రెండు లక్షలు మాత్రం కేసు తేలాకే. ఆ జాప్యం అన్యాయం. చేతిలో పైసా లేక మనిషి మళ్లీ మేస్త్రీ గడపే తొక్కుతాడు.