ఫౌండ్రీ ఓనరు గారి కప్పీలు

మన స్కూలు సావనీరుకు ఏదైనా రాయమని, ఒక పేజీ మించొద్దని కమిటీ వాళ్లు ఫోన్ చేశారు. రైలుబండి గాడి సంగతులకే పేజీ చాలదు. వాడివి వాడే రాసుకుంటాడు. పీటీ మేస్టారి ఈల, జామచెట్టు కేసు ఎలాగూ ఎవరో ఒకరు రాస్తారు. నేను మాత్రం ఓనరు గారి గురించి రాస్తాను.

ఆరు నుంచి ఎనిమిది దాకా నాకేమీ గుర్తులేదు. తొమ్మిదిలో సైన్సు మేస్టారు కప్పీల బొమ్మ బోర్డు మీద గీస్తుంటే, పొట్టోడు లేచి "చూడకుండా ఎలా నమ్మాలి సార్" అన్నాడు కదా. గోడకుర్చీ ఖాయం అనుకున్నాం. మేస్టారు మాత్రం సాయంత్రం మా నలుగురినీ ఇండస్ట్రియల్ ఎస్టేటులో ఓనరు గారి ఫౌండ్రీకి నడిపించారు. మా నాన్న అక్కడ మౌల్డరని, అంటే ఇసుక అచ్చులు కట్టేవాడని, నన్ను ముందు నిలబెట్టారు.

ఆ రోజు పోత ఉంది. తడి ఇసుక అచ్చులు వరసగా పెట్టి ఉన్నాయి. కరిగిన ఇనుమును ఇద్దరు మోసుకొచ్చి పోస్తుంటే నాన్న వంగి, అచ్చు నిండిందో లేదో చూస్తూ చెయ్యెత్తి ఆపమంటున్నాడు. పన్నెండు వందల డిగ్రీల పైమాటే అని మేస్టారు చెబుతూనే ఉన్నారు గానీ ఎవరు విన్నారు? ఇంట్లో నోరెత్తని మనిషి చెయ్యెత్తితే అందరూ ఆగిపోవడం నేను అక్కడే చూశాను.

ఓనరు గారు సంగతంతా విని, "ఏటిరా గుంటడా, కప్పీ బరువెత్తుతాదో లేదో నీకు చూపించాలా?" అని నవ్వారు. వారం తిరిగేసరికి స్థిర కప్పీ, చర కప్పీ, వాలుతలం మన సైన్సు గదికి వచ్చేశాయి. కప్పీల గాడి లేతు మీద ఎంత నున్నగా తీశారో! పొట్టోడు రాయి ఎత్తి "సగం బరువే సార్!" అని అరిచిన అరుపు ఊర్వశి జంక్షన్ దాకా వినబడి ఉంటుంది.

పరీక్ష ఫీజులు, గిరి ప్రదక్షిణ రోజు గేటు ముందు మజ్జిగ మీకందరికీ తెలిసినవే. మీకు తెలియనిది మస్టరు, అంటే పనివాళ్ల హాజరు పట్టీ సంగతి. ఇరవై మంది ఉంటే పీఎఫ్ కట్టాలి కాబట్టి చాలా షెడ్లలో లెక్క పంతొమ్మిది దగ్గరే ఆగేది. ఎవరు ఎప్పుడు అడిగినా ఇరవయ్యోవాడు నిన్ననే చేరినట్టు చెప్పేవారు. ఈయన ఇసుక జల్లించే ఆడవాళ్ల పేర్లు కూడా ఎక్కించారు. 1995లో పీఎఫ్ పెన్షన్ స్కీము వచ్చినప్పుడు నాన్న అందులో ఉన్నాడంటే అందుకే. నాన్న పోయాక అమ్మకు నెలనెలా డబ్బు పడుతోంది. పీఎఫ్ ఆఫీసు నుంచని ఎంత చెప్పినా వినదు, ఓనరు గారే పంపుతున్నారంటుంది. ఆయన పోయి చాలా ఏళ్లయింది, ఆ షెడ్డూ లేదు.

నేను ఐటీఐలో టర్నర్ చేసి, నాలుగు చోట్ల పనిచేసి, ఆటోనగర్‌లో సొంతంగా వర్క్‌షాపు పెట్టుకున్నాను. మొన్న ఇరవయ్యో మనిషిని తీసుకుంటుంటే మా ఆడిటర్ గారికి టెన్షన్ పట్టుకుంది, "ఇప్పుడెందుకండీ" అని. పేరు రాయించేశాను.

కొత్త సైన్సు ల్యాబుకు చందా అడిగారు కదా. చందాతో పాటు కప్పీలు కూడా నేనే చేయించి ఇస్తాను. కొలతలు వాట్సాప్‌లో పెట్టండి. రైలుబండిని మాత్రం కొలవనివ్వకండి.