ఏడో సున్నా

మన బడి పాత విద్యార్థుల సంచికకు ఏదైనా రాయమని కమిటీ వాళ్లు గ్రూపులో మూడుసార్లు అడిగారు. స్పోర్ట్స్ డే, బతుకమ్మ, మన టూరు సంగతులు మీరెలాగూ రాస్తారు. నాకు మాత్రం ఎనిమిదో తరగతిలో వేపచెట్టు కింద నిలబడ్డ ఆ ఒక్క మధ్యాహ్నమే రాయాలని ఉంది.

ఘాతాంకాల పాఠం. భూమికీ సూర్యుడికీ మధ్య దూరాన్ని మీటర్లలో రాయమంటే బోర్డు మీద నలుగురం నాలుగు రకాలుగా రాశాం. లెక్కల సారు సుద్దముక్క బల్ల మీద పెట్టి "నడువుండ్రి బయటికి" అన్నారు. సుమారు 15 కోట్ల కిలోమీటర్లు, అంటే మీటర్లలో ఒకటి, ఐదు, వెనక పది సున్నాలు. పన్నెండు మందిమి వరసగా నిలబడ్డాం. కాజీపేట పొడుగాయన ఒకటి. సున్నాగా నిలబడనని పంతం పట్టిన లీడరమ్మ ఐదు. నేను ఏడో సున్నాను. అందరిలో చిన్నోడు దశాంశ బిందువు. వాణ్ని ఇప్పటికీ చుక్క అనే పిలుస్తాం, వాడి పిల్లల ముందు కూడా.

చుక్క వరస చివర నుంచి బయల్దేరాడు. ఒక్కొక్కరినీ దాటుతుంటే అందరం గట్టిగా లెక్కపెట్టాం. ఒకటికీ ఐదుకీ నడుమ ఆగేసరికి పదకొండు. 1.5 × 10¹¹. ఇదే ప్రామాణిక రూపం. "చుక్క ముందర ఒక్క అంకెనే ఉండాలె, అది సున్నా కావొద్దు. ఎన్ని ఇండ్లు దాటిందో అదే ఘాతం" అన్నారు సారు.

సరిగ్గా అప్పుడే చివరి సున్నా నీళ్లకని బోరింగు దగ్గరికి పోయాడు. ఎవరో మీకు తెలుసు. సారు కోప్పడలేదు. "ఒక్క సున్నా పోయింది, సూర్యుడు పదో వంతు దూరంలకొచ్చిండు. ఎండ ఎన్ని రెట్లయితది?" అన్నారు. పది అన్నాం. "వంద! వరంగల్ల మే నెల ఎండకే ఆగుతలేం." వెలుగు దూరం వర్గానికి విలోమంగా మారుతుందని, అంటే దూరం పదో వంతైతే వెలుగు పది పదుల వంద రెట్లవుతుందని, తర్వాత ఇంటర్‌లో చదువుతుంటే నాకు ఆ బోరింగు చప్పుడే వినబడింది.

మర్నాడు ఎర్ర రక్తకణం. అడ్డకొలత సుమారు 0.000007 మీటర్లు. ఐదు సున్నాల వెనక నక్కిన ఏడు కోసం చుక్క ఈసారి కుడివైపు ఆరు ఇండ్లు దాటాడు. 7 × 10⁻⁶. "ఘాతంల మైనస్ ఉంటే అప్పు కాదు. మస్తు చిన్నదని" అన్నారు.

తొమ్మిది, పది తరగతులు ఎట్లా గడిచాయో నాకు గుర్తు లేదు.

హన్మకొండలో నా రక్తపరీక్షల ల్యాబు పెట్టి పదిహేనేళ్లు. ఒక డెంగీ సీజన్‌లో పరకాల దిక్కు నుంచి ఒక తండ్రి రిపోర్టు పట్టుకుని కూలబడ్డాడు. ప్లేట్‌లెట్లు 92. పక్కన చిన్నగా ఉన్న × 10³ ఆయన కంటికి ఆనలేదు. "లక్షన్నర ఉండాలంట గద మేడం" అని ఏడుస్తున్నాడు. రిపోర్టు వెనక 92 రాసి, మూడు సున్నాలు పెట్టి చూపించాను. "తొంభై రెండు వేలు అన్నా. తక్కువే, డాక్టరుకు చూపియ్యాలె. గానీ తొంభై రెండైతే కాదు." ఆయన ఆ మూడు సున్నాలనూ వేలితో తడిమి చూసుకున్నాడు. ఆ రోజు నుంచి మా ల్యాబులో ప్రతి రిపోర్టు మీదా పూర్తి సంఖ్య చేత్తో రాసిస్తాం.

పోయిన ఏడాది సారు పరీక్షకు వచ్చారు. ప్లేట్‌లెట్లు 210 × 10³. కళ్లజోడు సవరించుకుని చాలాసేపు చూశారు. "ఇది ప్రామాణిక రూపం కాదు కద బిడ్డా?"

కింద 2.1 × 10⁵ అని రాసిచ్చాను. సారు నా చేతిలో పెన్ను తీసుకుని, పక్కన రైట్ మార్కు పెట్టారు.