బోస్టన్‌లో ఒక రాళ్ల వలయం

నిన్న బోస్టన్‌లో ఓల్డ్ స్టేట్ హౌస్ బాల్కనీ ఎదుట, నేలలో పరిచిన గుండ్రాళ్ల వలయం పక్కన చాలాసేపు నిలబడ్డాను. 1770 మార్చి 5న బ్రిటిష్ సైనికుల కాల్పులకు ఐదుగురు బలైన ఘటనకు అది గుర్తు; జనం మాత్రం కాఫీ కప్పులతో దాన్ని తొక్కుకుంటూ సాగిపోతున్నారు.

అప్పట్లో బ్రిటన్ ఏలుబడిలో ఉన్న అమెరికా వలసల జనంలో, తమ ప్రతినిధి ఒక్కడూ లేని బ్రిటిష్ పార్లమెంటు 1765లో స్టాంపు పన్ను వేయడంతో రగిలిన కోపం, ఆ పన్ను మరుసటి ఏడాదే రద్దయినా చల్లారలేదు. 1773 నాటి చట్టం తేయాకు ధరను నిజానికి తగ్గించింది. అయినా పౌండు బరువుకు మూడు పెన్నీల సుంకం మిగిలే ఉన్నందున, కొంటే పన్ను వేసే హక్కును ఒప్పుకున్నట్టేనని తలచి, డిసెంబరు 16 రాత్రి మూడు ఓడల్లోని దాదాపు 340 పెట్టెల తేయాకును రేవులో పారబోశారు. చౌకగా వచ్చే సరుకును కాదనుకున్న ఆ పట్టుదలే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది. ఆ సరుకు ఈస్టిండియా కంపెనీది. స్టాంపు చట్టం వచ్చిన 1765లోనే మొగలు చక్రవర్తి ఫర్మానాతో మన ఉత్తర సర్కారులను రాయించుకున్నదీ ఆ కంపెనీయే.

శిక్షగా 1774లో రేవును మూసేస్తే మిగతా వలసలూ బోస్టన్ పక్షాన నిలిచాయి. మరుసటి ఏడాది బోస్టన్ దగ్గరి లెక్సింగ్టన్‌లో తుపాకులు పేలి, బ్రిటన్‌తో యుద్ధం మొదలైంది. 1776 జూలై 18న స్వాతంత్ర్య ప్రకటనను బోస్టన్ ప్రజలకు చదివి వినిపించింది ఈ బాల్కనీ నుంచే.