షక్, స్కాక్, తల్వ్

చదరంగాన్ని స్వీడన్, నార్వేలలో ‘షక్’ అని, డెన్మార్క్‌లో ‘స్కాక్’ అని, ఐస్‌లాండ్‌లో ‘స్కౌక్’ అని, ఫిన్లాండ్‌లో ‘షక్కి’ అని అంటారు. ఇవన్నీ ఒకే తల్లి బిడ్డలని వినగానే తెలిసిపోతుంది. ఆ తల్లి పారశీకంలోని ‘షా’, అంటే రాజు.

మన ‘చతురంగం’ పారశీకంలో ‘చత్రంగ్’గా, అరబ్బీలో ‘షత్రంజ్’గా మారి స్పెయిన్ దాకా వెళ్ళింది, అక్కడ నేటికీ ఆ పేరే కొద్దిగా రూపు మార్చుకుని నిలిచి ఉంది. ఉత్తరానికి వెళ్ళేసరికి మాత్రం ఆట పేరును పక్కకు నెట్టి, రాజుకు ముప్పు వచ్చినప్పుడు ఆటగాడు పలికే హెచ్చరికే పేరుగా కూర్చుంది. ‘షా’ మధ్యయుగపు లాటిన్‌లో ‘స్కాకుస్’ అయి, ఫ్రెంచి మీదుగా ఉత్తర జర్మనీ వాడుకలోకి దిగి, అక్కడి నుంచి నార్డిక్ దేశాలకు చేరింది. అందుకే స్వీడన్‌లో ఆట పేరూ ‘షక్’, రాజును బెదిరించేటప్పుడు చెప్పే మాటా ‘షక్’. ఐస్‌లాండ్‌లో ఆటకట్టును ‘స్కౌక్ ఒగ్ మౌత్’ అంటారు. ఈ ‘మౌత్’కు మూలమైన ‘మాత్’కు రాజు చనిపోయాడని అరబ్బీ అర్థం చెప్పేవారూ ఉన్నారు, దిక్కుతోచక నిలిచిపోయాడని పారశీక అర్థం చెప్పేవారూ ఉన్నారు. బల్ల మీద రాజును ఎవరూ చంపరు కనుక నాకు రెండో అర్థమే సరిగా తోస్తుంది.

అయితే ఈ వరుసలో కలవనిది ఉత్తర అట్లాంటిక్‌లోని ఫారో దీవుల మాట. అక్కడ చదరంగం పేరు ‘తల్వ్’. పలక అనే అర్థం గల లాటిన్ ‘తబులా’ నుంచి, ఉత్తరాది నావికయోధులైన వైకింగుల భాష పాత నార్స్‌లోకి వచ్చిన ‘తఫ్ల్’‌ దీనికి మూలం. చదరంగం రాకముందే వైకింగులు నడుమ రాజును నిలిపి, అంచుల నుంచి శత్రువులను నడిపించే ‘హ్నెఫతఫ్ల్’ ఆడేవారు. కొత్త ఆట వచ్చినప్పుడు దానిని మొదట ‘స్కాక్‌తఫ్ల్’ అన్నారు. ఇతరులు ఆ జంట మాటలో ముందు సగాన్ని ఉంచుకోగా, ఫారో వారు వెనుక సగాన్ని ఉంచుకున్నారు. నాకు అన్నిటికన్నా ముచ్చటైన మాట ఇదే.

పావుల పేర్లలో ఐస్‌లాండ్‌ది మరీ పట్టుదల. మూలగడిలోని పావును పొరుగువారు ‘బురుజు’ అనే అర్థం వచ్చే మాటతో పిలుస్తుంటే, ఐస్‌లాండ్ వారు పారశీక ‘రుఖ్’ను నేటికీ ‘హ్రోకుర్’గా పలుకుతారు. 1831లో స్కాట్లండ్‌లోని లూయిస్ దీవిలో దొరికిన 12వ శతాబ్దపు వాల్రస్ దంతపు పావులలో ఈ మూలపావు బురుజు కాదు, యోధుడు; వారిలో కొందరు డాలు అంచును పళ్ళతో కొరుకుతూ, గుడ్లు మిటకరించి చూస్తుంటారు.