గండికోట ఫొటోకు ఏమని అభిప్రాయం చెప్పాలి?

కొత్తగా ప్రకృతి దృశ్యాలు తీస్తున్నవారు తమ ఫొటో చూపించి అభిప్రాయం అడిగితే మనలో చాలామంది ఇచ్చే జవాబులు రెండే: "అద్భుతంగా ఉంది", లేకపోతే "ఇంకా బాగా తీయవచ్చు". ఈ రెండింటిలోనూ, ఆ మనిషి మళ్లీ కెమెరా పట్టుకుని బయలుదేరినప్పుడు ఏం మార్చుకోవాలో తెలిపే ముక్క ఒక్కటీ ఉండదు. వినేవారు ఆచరించగలిగిన మాట కాకపోతే అది ఎంత నిజమైనా అభిప్రాయంగా పనికిరాదని నేను అనుకుంటాను.

కడప జిల్లాలో పెన్నానది ఎర్రమల కొండలను కోసుకుంటూ పారే గండికోట లోయనే తీసుకుందాం. అక్కడినుంచి నాకు వచ్చే ఫొటోలలో ఎక్కువగా కనిపించే ఇబ్బంది ఒకటే. అంచున నిలబడ్డవారికి గుండె ఝల్లుమనిపించిన లోయ, ఫొటోలోకి వచ్చేసరికి సన్నని పంటకాలువలా తేలిపోతుంది. "లోతు కనిపించడం లేదు" అంటే తీసినవారికి కొత్తగా తెలిసేదేమీ లేదు, ఎందుకంటే ఆ సంగతి వారికీ కనబడుతూనే ఉంది. లోయంతా పట్టాలన్న ఆశతో వారు ఫోన్‌లోని అల్ట్రావైడ్ కెమెరాను ఎంచుకుని ఉంటారు. చాలా ఫోన్లలో అది పెద్ద (ఫుల్‌ఫ్రేమ్) కెమెరా మీద సుమారు 13 మి.మీ. లెన్సు చూపేంత వెడల్పును చూపుతుంది గనుక, కాళ్ల దగ్గరి బండ పెద్దదిగానూ, దూరాన ఉన్న రాతిగోడలూ నీరూ చిన్నవిగానూ పడతాయి. అందువల్ల మామూలు కెమెరాకు మారి, ఫోన్‌ను నిలువుగా పట్టుకుని, పొరలు పొరలుగా పగిలిన దగ్గరి రాళ్లలో కొంత భాగాన్ని కింద ఉంచి, అవతలి గట్టు మీద నిలబడ్డ మనుషులు ఎవరైనా ఉంటే వారినీ ఫ్రేములోకి రానివ్వమని చెబితే, చూసేవారి కంటికి లోయ కొలత అందుతుంది. ఇంత చెప్పే ముందు ఒక ప్రశ్న మాత్రం తప్పదు: అసలు చూపించదలచుకున్నది లోతునా, పొద్దుటి వెలుగునా? వెలుగే అయితే పై సలహాలో సగం అనవసరం.

"ఇంకాస్త అంచుకు వెళ్లి తీయండి" అన్న సలహాను నేను ఎవరికీ ఇవ్వను. నిటారుగా దిగే ఆ బండల మీద మంచి కోణం కోసం వేసే ఒక్క అడుగు చాలు, ప్రమాదానికి. నేలపట్టు పక్షుల సంరక్షణ కేంద్రంలో గూడబాతుల (పెలికాన్ల) ఫొటోలు తీసేవారికి కూడా దగ్గరికి వెళ్లమని చెప్పడం అలాంటిదే. గూళ్ల మీది పక్షులను బెదరగొట్టి సాధించే స్పష్టత మనకు అక్కరలేదు.

విమర్శకులు తొందరపడే విషయం మరొకటి ఉంది. చెరువులూ జలాశయాల ఫొటోలు చూడగానే "నీటి గీత వంకరగా ఉంది" అనేస్తారు. నిజానికి అవతలి ఒడ్డు మననుంచి ఏటవాలుగా దూరమవుతూ పోతే, కెమెరా సరిగ్గా సమంగా ఉన్నా ఆ ఒడ్డు గీత వాలినట్టే కనిపిస్తుంది. దాన్ని బలవంతంగా సరిచేస్తే ఒడ్డున ఉన్న తాడిచెట్లు పక్కకు ఒరిగిపోతాయి. చెట్టు కొననూ, నిశ్చలమైన నీటిలో దాని ప్రతిబింబపు కొననూ కలిపే గీత నిలువుగా ఉందో లేదో చూడడమే నమ్మదగిన పరీక్ష. ఫ్రేమును మూడు భాగాలు చేసి ముఖ్యమైనవాటిని ఆ విభజన గీతల మీద ఉంచమనే సూత్రాన్ని ప్రతి ఫొటోకూ అంటగట్టడం కూడా ఇలాంటి తొందరే. ప్రతిబింబమే విషయమైన ఫొటోలో నీటి గీత నడిమధ్యన ఉంటే తప్పేమిటి?

వెలుతురు, రంగుల విషయంలో మాత్రం ఇంటి దగ్గర సరిదిద్దుకోగలిగినదీ, అక్కడే జాగ్రత్తపడవలసినదీ వేరుచేసి చెప్పాలి. తెల్లగా కాలిపోయిన ఆకాశంలో ఆ తర్వాత ఎంత వెదికినా మబ్బులు దొరకవు, కాబట్టి హిస్టోగ్రామ్ (ఫొటోలో చీకటి ఎడమకూ వెలుగు కుడికీ ఎంతెంత ఉందో చూపే పటం) కుడి అంచుకు గుద్దుకోకుండా ఆకాశాన్నిబట్టి ఎక్స్‌పోజర్ (కెమెరాలోకి తీసుకునే వెలుతురు) తగ్గించి, వీలైతే రా (RAW) ఫైలుగా, అంటే కెమెరా కుదించని పూర్తి సమాచారంతో తీసి, చీకటి భాగాలను తర్వాత వెలుతురుపరుచుకోమని చెప్పవచ్చు. అదే "రంగులు ఎక్కువయ్యాయి" అంటే చాలదు, ఏ రంగు ఎక్కడ ఎక్కువైందో చూపించాలి. ఉదయపుటెండలో ఎర్రరాయికి శాచురేషన్ (రంగుల గాఢత) పెంచితే ముందుగా ఎరుపు హద్దు దాటుతుంది, అప్పుడు రాతి పొరల మధ్య సన్నని గీతలు చెరిగిపోయి గోడంతా ఒకే నారింజ ముద్దగా మిగులుతుంది. ఎరుపు, నారింజ రంగులను మాత్రమే కాస్త తగ్గిస్తే ఆ పొరలు తిరిగి వస్తాయి.

కొందరు అడగకుండానే ఎదుటివారి ఫొటోను తమకు నచ్చినట్టు మార్చి "ఇదిగో, ఇలా ఉండాలి" అని తిరిగి పంపుతారు. సాయంగా తోచినా, అందులో మిగిలేది పంపినవారి అభిరుచే. తప్పనిసరి అనిపిస్తే ముందు అనుమతి అడిగి, ఒకే ఒక్క మార్పు చేసి, దాన్ని ఎందుకు చేశామో రెండు వాక్యాలలో రాసి పంపడం మేలు.