‘మా తండ్రీ’ అని కలిసి అనడం

పొలం గట్టు తగాదాతో కొన్నేళ్లుగా మాటలు లేని ఇద్దరు అన్నదమ్ములు మొన్నటి ఆదివారం ఆరాధనలో నా ముందు వరుసలో, మధ్యన ఒక కుర్చీ ఖాళీగా వదిలి నిలబడి, "పరలోకమందున్న మా తండ్రీ" అని అందరితోపాటు గొంతు కలిపారు. అప్పటినుండి ఈ పిలుపు గురించే ఆలోచిస్తున్నాను.

దేవుణ్ణి తండ్రి అనడం క్రొత్త నిబంధనతో మొదలైనది కాదు. పాత నిబంధనలోని యెషయా 63వ అధ్యాయంలోనూ ఈ మొర ఉంది, 103వ కీర్తన దేవుని జాలిని తండ్రి జాలితో పోల్చింది. యేసు మాత్రం దానిని అనుదిన ప్రార్థనకు తొలి పలుకుగా చేసి, ఆహారమైనా క్షమాపణ అయినా ఎవరికి వారు కాక అందరి కోసం అడిగేలా మత్తయి 6వ అధ్యాయంలో శిష్యులకు నేర్పాడు. అంతటితో ఆగక, తోటి మనుషులను క్షమించకపోతే మీ తండ్రి కూడా మిమ్మల్ని క్షమించడని ఆ వెంటనే విడమరచి చెప్పాడు. తండ్రి ప్రేమ గురించి మన కూడికలలో విన్నంతగా ఈ షరతు గురించి వినం, బహుశా వినడం మనకు ఇష్టం లేకనేమో.

లూకా 15వ అధ్యాయంలో యేసు చెప్పిన ఉపమానంలో, తప్పిపోయి తిరిగివచ్చిన చిన్నకొడుకును తండ్రి పరుగెత్తి వెళ్లి కౌగిలించుకున్న ఘట్టం అందరికీ కంఠతా వచ్చు. నన్ను పట్టి ఆపేది మాత్రం తమ్ముడి కోసం విందు జరుగుతున్న ఇంటి బయట కోపంతో నిలబడిన పెద్దకొడుకు. అతడు తమ్ముణ్ణి "నీ కుమారుడు" అంటాడే తప్ప తమ్ముడనడు. తండ్రి బయటికి వచ్చి బతిమాలుతూ "నీ తమ్ముడు" అనే బదులిస్తాడు. తండ్రి మీద కూడా అతనికి ఫిర్యాదు ఉంది, కానీ అది తమ్ముడికి దక్కిన ఆదరణ గురించే.