బతుకమ్మ రేవు కోసం జైలు దాకా, కోర్టు దాకా

నల్లగొండలో మా వార్డు ఆడవాళ్లు సద్దుల బతుకమ్మ నాడు చెరువులోకి ఉత్త కాళ్లతో దిగుతారు. ఆ రేవు నిండా పగిలిన బీరు సీసాలే. కట్ట పొడవునా సర్కారు తుమ్మ. ఒక ఆఫీసుకు పోతే చెరువు మాది కాదన్నారు, ఇంకో ఆఫీసుకు పోతే చెత్త మాది కాదన్నారు.

మా మహిళా సంఘంలో ఒకామె అంది: "జైళ్ల శాఖ పెట్రోలు బంకులల్ల ఖైదీలు పని చేస్తలేరా? మన చెరువు కాడికి పంపమందాం." తీర్మానం రాసి, సంతకాలు పెట్టించి జిల్లా జైలుకు వెళ్లాను.

అక్కడి అధికారి కూర్చోబెట్టి ఓపికగా చెప్పాడు. "అమ్మా, మా దగ్గర ఎక్కువమంది విచారణ ఖైదీలే. నేరం రుజువు కానోళ్లతోని పని ఎట్ల చేయిస్తం?" ఇది మన జిల్లా సంగతే కాదు. 2022 జాతీయ లెక్కల ప్రకారం దేశంలోని ఖైదీల్లో నూటికి దాదాపు 76 మంది విచారణ ఖైదీలే. శిక్ష పడినవాళ్లలో కూడా కఠిన కారాగార శిక్ష ఉన్నవాళ్లకే పని తప్పనిసరి. పెద్ద శిక్షలు పడితే చర్లపల్లి, చంచల్‌గూడ లాంటి సెంట్రల్ జైళ్లకు పంపుతారు. బయటికి తీసుకురావాలంటే పై అనుమతి, వెంట కాపలా ఉండాలి. ఖైదీల పనికి న్యాయమైన కూలీ ఇవ్వాలని, అందులో కొంత బాధితులకు అందేలా చూడాలని సుప్రీంకోర్టు 1998లోనే చెప్పింది. అది విన్నాక ఖైదీలను ఉచితంగా పంపమని అడగడానికి నాకు మనసొప్పలేదు.

దారి చూపింది మా వీధి వకీలు. పాత ఐపీసీ స్థానంలో 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో సమాజ సేవ కూడా ఒక శిక్ష. తాగి నలుగురిలో గొడవ చేస్తే 355వ సెక్షన్ కింద కోర్టు ఆ శిక్ష వేయొచ్చు. మొదటిసారి 5,000 రూపాయలకు తక్కువ సొత్తు దొంగిలించి, దాన్ని తిరిగి ఇచ్చేసినవాళ్లకు కూడా అదే శిక్ష. దీనికి కూలీ ఉండదు, ఎందుకంటే ఇక్కడ పనే శిక్ష. అది అయిపోగానే మనిషి ఇంటికి పోతాడు. ఎన్ని గంటలు, ఏ పని అన్నది చట్టంలో లేదు, జడ్జి నిర్ణయిస్తారు.

మనుషుల్ని పంపమని కోర్టును అడగలేం. ఫలానా చోట పని ఉంది, చేయించే బాధ్యత మాది అని మాత్రం చెప్పగలం. పేదలకు ఉచిత న్యాయ సాయం అందించే న్యాయ సేవాధికార సంస్థ ద్వారా ఆ కాగితం పెట్టాం. వాళ్లడిగిన ప్రశ్నలు నాకు బాగా నచ్చాయి. హాజరు ఎవరు వేస్తారు? గాజు గుచ్చుకుంటే దవాఖానకు ఎవరు తీసుకుపోతారు? తాగేందుకు నీళ్లున్నాయా? గ్లవ్స్, బూట్లు, పారలు, తట్టలు మేమే సమకూర్చాం. మా వార్డు పెద్దమనిషి ఒకాయన మురికి కాలువ పని కూడా కలపమన్నాడు. నేను ఒప్పుకోలేదు. రక్షణ లేకుండా మనుషుల్ని మ్యాన్‌హోళ్లలోకి దింపడాన్ని 2013 చట్టం నిషేధించింది. శిక్ష పడినవాడైతే మాత్రం ప్రాణం ప్రాణం కాదా?

కోర్టు సమాజ సేవ శిక్ష వేసి పంపితే వచ్చినవాళ్లంతా తాగి గొడవ పడ్డ కేసులవాళ్లే, వెంట ఒక కానిస్టేబుల్. అందులో ఒకాయనకు మా అన్న వయసుంటుంది, ఆటో నడుపుతాడట. పార పట్టుకున్నాడో లేదో, కట్ట మీది నుంచి కుర్రాళ్లు ఫోన్లు పైకెత్తారు. ఆయన తువ్వాలతో మొహం కప్పుకున్నాడు. నాకు ఒళ్లు మండింది. అడ్డం పోయి నిలబడ్డాను. "కోర్టు ఆయనకు ఏసింది పని. వాట్సాప్ గ్రూపులల్ల తిప్పమని ఏయలే. ఫోన్లు లోపల పెట్టుండ్రి, లేకుంటే దిగొచ్చి తట్ట పట్టుండ్రి." ఇద్దరు నిజంగానే దిగొచ్చారు.

మేం కూడా చీర కొంగులు నడుముకు చుట్టి వాళ్ల పక్కనే పనిలోకి దిగాం. గాజు పెంకులకు గోనెసంచులు చిరిగిపోతుంటే ఖాళీ పెయింటు డబ్బాల్లో పోశాం. నీటి అంచున బురదలో కూరుకుపోయిన ముక్కలే కష్టం, పారకు అందవు. చేత్తో తడుముతూ ఒక్కొక్కటే తీయాలి. ఆ పని ఆటో ఆయనే మీద వేసుకున్నాడు. "మేం గూడ ఈడ్నే కూసుంటుంటిమి అక్కా" అన్నాడు. నేను ఇంకేమీ అడగలేదు, టీ గ్లాసు అందించాను. సాయంత్రం హాజరు కాగితం మీద సంతకం పెట్టి కానిస్టేబుల్‌కు ఇచ్చాను.

తుమ్మ మొదళ్లు వీళ్లతో అయ్యేవి కావు, జేసీబీ రావాల్సిందే. రేవు మాత్రం బాగుపడింది. కానీ దాన్ని అలాగే ఉంచడానికి ఎవరో తాగి కేసులో ఇరుక్కోవాలని ఎదురుచూడలేం కదా. అందుకే కట్ట మీద చెత్తకుండీలు పెట్టాలని, రోజూ ఊడ్చేందుకు జీతమిచ్చి ఒక మనిషిని వేయాలని మున్సిపాలిటీకి దరఖాస్తు పెట్టాం. పండగలోపు జవాబు రాకపోతే సంఘం మొత్తం కలెక్టరేట్‌లో జనం ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణికి వెళ్తాం.